వెనక బెంచీలో కొత్త కుటుంబం



ఇంటికి చుట్టాలొస్తే మనం ఏం చేస్తాం? కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తాం, తాగడానికి మంచినీళ్ళిస్తాం, పిల్లల్ని దగ్గరికి తీసుకుంటాం. ఈ మర్యాద మనకెవరూ నేర్పనక్కరలేదు. అయితే ఆదివారంనాడు మన గుడికి ఒక కొత్త కుటుంబం వస్తే ఏం చేస్తున్నాం? ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను. నేను వెళ్ళేది చర్చికి కనుక చర్చి మాటే చెబుతాను. మీరు ఏ గుడికి వెళ్ళేవారైనా ఇందులో కొంత మీకూ పనికి రాకపోదు.

విజయవాడ వచ్చేపోయేవాళ్ళ ఊరు. పెద్ద రైల్వే జంక్షను, ఆటోనగరు, కాలేజీలు, ఆసుపత్రులు అన్నీ ఇక్కడున్నాయి. గుడివాడ నుంచి, కైకలూరు నుంచి, అవనిగడ్డ నుంచి ఉద్యోగాలకనీ పిల్లల చదువులకనీ కుటుంబాలు వస్తూనే ఉంటాయి. సొంత ఊరి గుడిలో అందరూ వాళ్ళకు తెలిసినవాళ్ళే. ఇక్కడ మాత్రం వెనక బెంచీయే గతి.

2024 వేసవిలో మా గుడికి అలాంటి కుటుంబం ఒకటి వచ్చింది. భార్య, భర్త, అత్తగారు, ఒక చంటిపిల్ల. ఆమె చివరి బెంచీలో కూర్చునేది. పిల్ల ఏడిస్తే బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడేది. ఆరాధన కాగానే మేమంతా ముందువైపు గుమిగూడి కబుర్లలో పడేవాళ్ళం. వాళ్ళు నెమ్మదిగా వెళ్ళిపోయేవారు. నేనూ చాలాసార్లు ఆమెను చూసి నవ్వాను. నవ్వితే చాలుననుకున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల పేటలు మునిగిపోయిన సంగతి మీకు తెలిసిందే. మా స్త్రీల సమాజం వాళ్ళం సంఘం పుస్తకం ముందు వేసుకుని ఒక్కొక్క ఇంటికీ ఫోను చేశాం. ఎవరు మేడమీద ఉన్నారు, ఎవరికి పాలు కావాలి, ఎవరికి మందులు కావాలి అని రాసుకున్నాం. సాయంత్రం ఎవరో అన్నారు, “ఆ వెనక బెంచీ అమ్మాయి వాళ్ళు సింగ్‌నగర్ వైపేనేమో కదా?” అని. పేరేమిటంటే ఎవరికీ తెలియదు. వీధి తెలియదు. ఫోను నంబరు లేదు. నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం మా మధ్యకు వచ్చిన మనిషిని వెతకడానికి మా దగ్గర ఒక్క ఆధారమూ లేకపోయింది.

దేవుని దయవల్ల వాళ్ళు క్షేమంగా బయటపడ్డారు. మూడు రోజులు ఇంటివాళ్ళ డాబామీద గడిపారట. నీళ్ళు తీశాక మా కుర్రవాళ్ళు ఆ ఇల్లు కనుక్కుంటే వెళ్ళి కలిశాను. ఆమె నన్ను నిష్ఠూరమాడలేదు. “ఎవరన్నా పేరడుగుతారేమోనని చూసేదాన్నండీ. మా అంతట మేం చెప్పుకుంటే బాగుండదని ఊరుకున్నాం” అంది. అంతే. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

నిజానికి పరాయివాళ్ళు ఒకచోట కూర్చోవడంతోనే మా సంఘం మొదలైంది. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఒకప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు ఎవరి గుడి వారిదే, ఎవరి పద్ధతి వారిదే. వాళ్ళంతా ఒక్కటయ్యారు. అంతకు చాలా ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఆ సభలో దొరలందరి ఎదుట ఒక మాట అడిగారు. మీరు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారు, కాని మాకు స్నేహితులు కావాలి అన్నారు. ఆనాడు ఆ మాట తెల్లవాళ్ళకు తగిలింది. ఈనాడు మనకు తగలాలి.

మరి ఏం చేయాలి? పెద్ద ఖర్చేమీ లేదు. మేము చేస్తున్నవి చెబుతాను, వినండి.

మొదటిది, గుమ్మం దగ్గర పలకరింపు. వారానికి ఇద్దరం చొప్పున వంతులు వేసుకుని పావుగంట ముందే వెళ్ళి నిలబడతాం. “వందనాలండీ, రండి” అని పేరు అడుగుతాం. చెప్పులు ఎక్కడ విడవాలో, ఆడవాళ్ళు ఏ వైపు కూర్చుంటారో చూపిస్తాం. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చునే గుళ్ళలో కొత్త ఇల్లాలు ఒంటరిదైపోతుంది. అందుకని ఒకరం ఆమె పక్కనే కూర్చుంటాం. పాటల పుస్తకం లేకపోతే మనది తెరిచి ఇద్దరం కలిసి పట్టుకోవచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మనకూ, బాప్టిస్టులకూ, లూథరన్లకూ ఉమ్మడి ఆస్తి. ఒంగోలు వైపు బాప్టిస్టు అమ్మాయికైనా, గుంటూరు లూథరన్ అమ్మాయికైనా మన ఆరాధన క్రమం కొత్తేమో గాని పాట కొత్త కాదు. తెలిసిన పాట అందుకోగానే ఆ ముఖం ఎలా విప్పారుతుందో మీరే చూడండి.

రెండవది, పసిపిల్లల తల్లుల సంగతి. పిల్ల ఏడిస్తే అందరం వెనక్కి తిరిగి చూస్తాం. ఆ చూపే ఆ తల్లిని మరో ఆదివారం రానివ్వదు. మా గుడి వరండాలో ఒక మూల చాప, ఫ్యాను, కూజాలో మంచినీళ్ళు, పాలిచ్చుకోవడానికి చాటుగా ఒక తెర ఏర్పాటు చేశాం. ప్రసంగం వినపడేలా చిన్న స్పీకరు పెట్టించాం. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందో లేదో శనివారమే చూసుకుంటాం. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడక్కరలేదు.

మూడవది, మనం అడిగే ప్రశ్నలు. “మీ ఇంటిపేరేమిటి? ఊళ్ళో మీరు ఏ పేట?” అని మొదలుపెడుతుంటాం. ఏం తెలుసుకోవాలని అడుగుతున్నామో అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. చెప్పులు గుమ్మం బయట విడుస్తున్నాం గాని కులాన్ని విడుస్తున్నామా? ఆ ప్రశ్నలకు బదులు “ఇల్లు దొరికిందా? మంచినీళ్ళు సరిగా వస్తున్నాయా? పిల్లల్ని ఏ బడిలో వేశారు?” అని అడిగి చూడండి. వాళ్ళకు కావలసింది ఆ సాయమే.

నాలుగవది, ఆ వారంలోనే ఇంటికి వెళ్ళి రావడం. కాస్త ఆవకాయో, ఇంత కూరో తీసుకువెళ్ళండి. సామాను ఇంకా సర్దుకోని ఇంట్లో పావుగంట చాలు, గంటలు గంటలు కూర్చోవద్దు. పాలు ఎక్కడ దొరుకుతాయో, రాత్రిపూట ఏ డాక్టరు ఉంటారో చెప్పండి. వాళ్ళు సరేనంటే పేరు, వీధి, ఇంటి గుర్తు, ఫోను నంబరు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం విలువ మాకు వరదలో తెలిసింది.

ఐదవది, పని అప్పగించడం. ఇల్లాళ్ళు వంట బియ్యంలోంచి పిడికెడు తీసిపెట్టి గుడికి ఇచ్చే అలవాటు మన తెలుగు సంఘాల్లో ఎన్నాళ్ళనుంచో ఉంది. ఆ పిడికెడు ఇచ్చిన చెయ్యి పరాయిది కాదు. కొత్తావిడను కూడా పాటల బృందంలోకో, సండేస్కూలుకో, కోతపండుగ పనుల్లోకో పిలవండి. ఎన్నాళ్ళూ చుట్టంలాగే చూస్తే ఆమె చుట్టంగానే మిగిలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. కొందరు ఏదో దుఃఖంతో వస్తారు, మౌనంగా కూర్చుని వెళ్ళాలనుకుంటారు. వాళ్ళను ప్రశ్నలతో వేధించకండి. పేరు తెలుసుకుని, “మళ్ళీ రండి” అంటే చాలు.

ఆ వెనక బెంచీ అమ్మాయి గుడి మానేస్తుందనే భయపడ్డాను. మానలేదు. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడే వంతుల్లో ఆమె కూడా ఉంది. ఎవరు కొత్తగా వచ్చినా ఆమె ముందు అడిగేది పేరే.

వచ్చే ఆదివారం మీరూ ఒకసారి వెనక బెంచీ వైపు చూడండి. మీకు పేరు తెలియని మనిషి కనపడితే, లేచి వెళ్ళి ఆ పక్కన కూర్చోండి. సెలవు.