ఎవరు ఎవరిని కొడతారు? హెవీవెయిట్ లెక్కలు, మన క్యాంపు పందేలు

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలే ఇక్కడ రాసి పెడుతున్నాం. రూములో అందరూ పడుకున్నాక వినడం కుదరనివాళ్లు చదువుకోండి.)



ఈ వారం ముచ్చట బాక్సింగ్. 2025 ఆగస్టు 16న రియాద్‌లో మోజెస్ ఇటౌమా అనే 20 ఏళ్ల పిల్లగాడు డిలియన్ వైట్‌ని మొదటి రౌండ్లోనే, రెండు నిమిషాలు నిండకముందే పడగొట్టాడు. ఆ రాత్రి నుంచి మెస్సులో చూసినా, డ్యూటీ బస్సులో చూసినా ఒకటే లొల్లి. ఇటౌమాని ఉసిక్ మీదికి దింపితే ఎవరు గెలుస్తారు? ఫ్యూరీ, జాషువా ఇప్పుడైనా తలపడతారా? పార్కర్ సంగతేంది? ఒకడు ఒక పేరు అంటే ఇంకొకడు బల్ల మీద చెయ్యి కొట్టి ఇంకో పేరు అంటాడు. మా బ్లాకులో ఇద్దరు కరీంనగర్ తమ్ముళ్లయితే ఈ విషయం మీద వారం నుంచి మాట్లాడుకోవడం లేదు. ఒకే స్టవ్ మీద వేరువేరుగా వండుకుంటున్నారు.

కొత్తగా వింటున్నవాళ్లకు ఒక మాట. నాది నిజామాబాద్ జిల్లా. ఐటీఐ చేసి వచ్చాను, ఇప్పుడు కన్‌స్ట్రక్షన్ సైటులో సూపర్‌వైజర్‌ని. నేను బాక్సర్ని కాదు, కోచ్‌ని కాదు. కాకపోతే పెద్ద ఫైట్లు ఈ దేశానికి రావడం మొదలైనప్పటి నుంచి వదలకుండా చూస్తున్నా.

ముందు కొంచెం వెనక్కి పోదాం. 2019 డిసెంబర్ 7న దిరియాలో జాషువా, ఆండీ రూయిజ్ రెండోసారి తలపడ్డారు. ఆ ఫైటు కోసమే సుమారు 15 వేల మంది కూర్చునే తాత్కాలిక స్టేడియం లేపారు. స్కాఫోల్డింగ్ పని తెలిసినవాళ్లకు అర్థమవుతుంది అది ఎంత పనో. 2022 ఆగస్టు 20న జెద్దాలో ఉసిక్, జాషువా రెండో ఫైటు. 2024 మే 18న రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ. ఆ రాత్రి ఉసిక్ నాలుగు బెల్టులూ ఒక్కడే పట్టుకున్నాడు. హెవీవెయిట్‌లో తిరుగులేని ఛాంపియన్ అనే మాట 1999లో లెన్నాక్స్ లూయిస్ తర్వాత మళ్లీ అప్పుడే వినబడింది. ఒకప్పుడు లాస్ వెగాస్‌లో, న్యూయార్క్‌లో జరిగేవి ఇప్పుడు మనం సిమెంటు కలిపే ఊళ్లలోనే జరుగుతున్నాయి. అందుకే మనోళ్లకు కూడా ఇంత పట్టింపు వచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తా. మనం వాదించే తీరులో ఒక లెక్క ఉంటుంది. "వీడు వాణ్ని కొట్టాడు, వాడు ఇంకొకణ్ని కొట్టాడు, అంటే వీడు ఆ ఇంకొకణ్ని కూడా కొడతాడు." నిచ్చెన మెట్ల లెక్క అన్నమాట. వినడానికి బాగుంటుంది. కానీ హెవీవెయిట్‌లో ఈ లెక్క నిలబడదు.

ఒక్క ఉదాహరణ చాలు. 2022 సెప్టెంబర్‌లో మాంచెస్టర్‌లో జో జాయిస్ 11వ రౌండ్లో జోసెఫ్ పార్కర్‌ని పడగొట్టాడు. 2023లో చైనావాడు జాంగ్ జిలే అదే జాయిస్‌ని ఒకసారి కాదు, రెండుసార్లు ఓడించాడు. మెట్ల లెక్క ప్రకారం జాంగ్ ముందు పార్కర్ నిలవకూడదు. 2024 మార్చి 8న రియాద్‌లో ఏమైంది? పార్కర్ రెండుసార్లు కింద పడి, లేచి, పాయింట్ల మీద జాంగ్‌ని ఓడించాడు. అంటే ఇది నిచ్చెన కాదు. చిన్నప్పుడు ఆడుకునే రాయి, కాగితం, కత్తెర ఆట.

ఎందుకట్లా? జాయిస్ తల పెద్దగా కదపడు, దెబ్బ తిని ముందుకు నడిచే రకం. పార్కర్‌ని అట్లనే అలగొట్టాడు. కానీ జాంగ్ ఎడమచేతివాటం. ఆ ఎడమచెయ్యి నేరుగా వస్తుంటే కదలని తల దానికి నిశానా అయిపోయింది, మొదటి ఫైట్లో జాయిస్ కన్ను మూసుకుపోయింది. పార్కర్‌కి కాళ్లున్నాయి. జాంగ్ చుట్టూ తిరిగి, అతని ఊపిరి అయిపోయేదాకా ఓపిక పట్టాడు. ముగ్గురిలో ఎవరూ చేతగానివాళ్లు కాదు. ఎవరి ముందు ఎవరు నిలబడ్డారన్నదే అసలు సంగతి.

ఎన్‌గానూ సంగతి కూడా అంతే. కామెరూన్‌లో చిన్నప్పుడు ఇసుక క్వారీలో పనిచేసి, ఎడారి దాటి, సముద్రం దాటి పారిస్ చేరి, అక్కడ తల దాచుకోను చోటు లేక కార్ల పార్కింగ్‌లో పడుకున్న మనిషి అతను. మనలాంటివాళ్లకు అతని కథ వేరే చెప్పక్కర్లేదు. 2023 అక్టోబర్ 28న రియాద్‌లో, మొట్టమొదటి బాక్సింగ్ ఫైట్లోనే ఫ్యూరీ అంతటివాణ్ని మూడో రౌండ్లో కింద పడేశాడు. ఫ్యూరీ గెలిచాడు గానీ జడ్జీలు కూడా ఒక్క మాట మీద లేరు. నాలుగు నెలలు దాటగానే అదే ఎన్‌గానూని జాషువా రెండో రౌండ్లోనే పూర్తి చేశాడు. అప్పుడు మా క్యాంపులో అందరూ "ఇక జాషువా ఫ్యూరీని నమిలేస్తాడు" అన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో లండన్ వెంబ్లీలో జాషువా మొదటి రౌండ్లోనే డుబ్వా చేతిలో కింద పడ్డాడు, ఐదో రౌండ్లో ఫైటు అయిపోయింది.

మరి దేన్ని చూడాలి? నా పని భాషలో చెప్తా. సైటుకు 50 టన్నుల క్రేన్ వచ్చిందనుకోండి. కొత్తగా వచ్చినవాడు 50 టన్నులు ఎక్కడికైనా లేపుతుంది అనుకుంటాడు. రిగ్గర్‌ని అడిగితే నవ్వుతాడు. బూమ్ ఎంత దూరం చాపితే అది లేపే బరువు అంత తగ్గుతుంది. అందుకే క్రేన్ మీద రాసిన అంకె కాదు, లోడ్ చార్ట్ చూడాలి. ఏ దూరంలో, ఏ కోణంలో, ఎంత బరువు అని.

బాక్సర్ ఎత్తు, బరువు, చేతుల పొడవు కూడా క్రేన్ మీద రాసిన అంకెలాంటివే. 2024 డిసెంబర్ 21న రియాద్‌లో రెండో ఫైటుకు ఫ్యూరీ సుమారు 127 కిలోలు, ఉసిక్ సుమారు 102 కిలోలు. పాతిక కిలోల తేడా, అంటే సగం సిమెంటు బస్తా. ఎత్తులో కూడా ఫ్యూరీ ఆరు అంగుళాలు ఎక్కువ. ముగ్గురు జడ్జీలూ 116-112 అని ఉసిక్‌కే రాశారు. ఎందుకంటే ఫ్యూరీ చేతులకు బలం దూరంలో ఉంది. ఉసిక్ ఆ దూరంలో నిలబడడు. లోపలికి వచ్చి ఎడమచేత్తో కొట్టి, పక్కకు జరిగిపోతాడు. మొదటి ఫైట్లో తొమ్మిదో రౌండ్లో ఫ్యూరీ తాళ్ల మీద పడి ఊగిపోతుంటే రెఫరీ లెక్కపెట్టాల్సి వచ్చింది. అంత పెద్ద మనిషిని చిన్న మనిషి అట్లా చేశాడంటే, బలం ఉన్నచోట కాకుండా లేనిచోట పట్టుకున్నాడు కాబట్టి.

ఇప్పుడు మీరు అడిగే ఫైట్లు ఒక్కొక్కటి చూద్దాం. ఇవి నా అభిప్రాయాలు, ఖురాన్ వాక్యాలు కావు, వేద వాక్యాలు కావు.

ఉసిక్, పార్కర్. 2025 ఆగస్టు నాటికి డబ్ల్యూబీవో వరుసలో ముందున్నది పార్కరే. రియాద్‌లో వైల్డర్‌ని ఓడించాడు, జాంగ్‌ని ఓడించాడు, 2025 ఫిబ్రవరిలో 140 కిలోలు దాటిన బకోలేని రెండో రౌండ్లో కొట్టాడు. ఓపిక ఉంది, కాళ్లున్నాయి. కానీ కాళ్లతో గెలిచేవాడికి అంతకంటే మంచి కాళ్లున్నవాడు ఎదురైతే కష్టం. నా మాట ఉసిక్, పాయింట్ల మీద.

ఉసిక్, కబయెల్. దీని గురించి మనోళ్లు తక్కువ మాట్లాడతారు, నాకైతే ఇదే అసలు ఫైటు. అగిత్ కబయెల్ జర్మనీలో పెరిగిన కుర్దు కుటుంబం పిల్లాడు. 2025 ఆగస్టు నాటికి ఓటమి లేదు. రియాద్‌లో ముగ్గురిని ఆపేశాడు: మఖ్ముదోవ్, సాంచెస్, జాంగ్. ముగ్గురినీ పొట్ట మీద కొట్టే కరిగించాడు. 2023లో పోలండ్‌లో డుబ్వా దెబ్బ ఒకటి ఉసిక్‌కు నడుము దగ్గర తగిలి కింద పడ్డాడు. రెఫరీ అది బెల్టు కిందికి తగిలిందన్నాడు, దాని మీద ఇప్పటికీ వాదన ఉంది. పొట్ట మీదనే పనిచేసేవాడు ఉసిక్‌కు కొత్త ప్రశ్న. ఇక్కడ కూడా ఉసిక్ వైపే ఉంటాను, కానీ గట్టిగా బల్ల గుద్దను.

ఉసిక్, ఇటౌమా. పిల్లగాడి వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. అతనిది కూడా ఎడమచేతివాటమే, అది ఉసిక్‌కు రోజూ దొరికేది కాదు. 2025 ఆగస్టులో ఉసిక్‌కు 38 ఏళ్లు. కానీ ఇటౌమా అప్పటికి 6 రౌండ్లు దాటలేదు, వైట్‌కు అప్పుడు 37 ఏళ్లు, మంచి రోజులు వెనకబడ్డాయి. మేస్త్రీని మొదటి గంట పని చూసి లెక్కగట్టం కదా. మధ్యాహ్నం దాటాక గోడ ఎట్లా లేస్తుందో చూస్తాం. 2025లో అయితే ఉసిక్. రెండేళ్ల తర్వాత అడిగితే మాట మారొచ్చు.

ఫ్యూరీ, జాషువా. ఇది మన ప్రాణం తోడేసిన ఫైటు. 2021లో ఆగస్టు 14న సౌదీలోనే అని ఫ్యూరీ తన నోటితో చెప్పాడు. అంతలోనే అమెరికాలో మధ్యవర్తి తీర్పు వచ్చి వైల్డర్‌తో మూడోసారి ఆడాల్సి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో జాషువా ఉసిక్ చేతిలో ఓడాడు. 2025 జనవరిలో ఫ్యూరీ రిటైర్ అన్నాడు, ఇంతకుముందు కూడా అని మళ్లీ వచ్చాడు. 2025 ఆగస్టు నాటికి జాషువా డుబ్వా ఫైటు తర్వాత రింగెక్కలేదు. జరిగితే జనం పోటెత్తుతారు. కానీ ఎవరు గొప్పో అది తేల్చదు, ఆ రోజుకు ఎవరిలో ఎక్కువ మిగిలిందో తేలుస్తుంది. దూరం పట్టుకోగలిగితే ఫ్యూరీ. మొదటి నాలుగు రౌండ్లలో దొరికితే జాషువా.

పేరు పెద్దదా, మనిషి పెద్దవాడా అని కాకుండా రింగులోనే తేల్చాలనే మాట మా నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ ముందే చెప్పింది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కు మేరీ కోమ్‌ని పేరు మీదనే పంపాలని చూస్తే, నాకు ట్రయల్ పెట్టండి అని నిలబడింది. ఎంతమంది ఎన్ని మాటలు అన్నారో గుర్తుంది కదా. ఆ డిసెంబర్‌లో ట్రయల్ పెట్టారు. 9-1తో ఓడింది. ఓటమి ఒప్పుకొని వెనక్కి వెళ్లి పనిచేసింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ ఛాంపియన్. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారు కూడా మనలాగే సౌదీలో సుమారు 15 ఏళ్లు పనిచేసి వెళ్లిన మనిషి. పిల్లల కోసం తిరిగిపోయి, బిడ్డను రింగులో నిలబెట్టాడు. ఇక్కడి రియాల్ చేరాల్సిన చోటుకు చేరితే ఏమవుతుందో అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, రియాల్ చేరకూడని చోటుకు పోవడం కూడా చూస్తున్నా. 2024లో డుబ్వా, జాషువా ఫైటుకు ముందు మా పక్క క్యాంపు షట్టరింగ్ కార్పెంటర్ తమ్ముడు ఒకడు ఫోన్‌లో ఏదో బెట్టింగ్ యాప్‌లో 2,800 రియాళ్లు జాషువా మీద పెట్టాడు. "అన్నా, పేరు చూడు, ఒలింపిక్ గోల్డు" అన్నాడు. ఐదు రౌండ్లు కూడా పూర్తిగా పట్టలేదు. ఆ డబ్బు అక్క పెళ్లికి తెచ్చిన అప్పు మీద వడ్డీ కట్టాల్సినది. రెండు నెలలు ఇంటికి ఫోన్ చేయలేదు. ఏమని చేస్తాడు? ఫోన్ చేయకపోతే అక్కడ అమ్మ ఏమనుకుంటుందో మీకు తెలుసు.

ఇక్కడ జూదం నేరం. పట్టుబడితే డబ్బుతో పోదు, ఇఖామా మీదికి వస్తుంది. తెలంగాణలో ఆన్‌లైన్ పందేల మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. చట్టం పక్కన పెట్టినా, లెక్క చూడండి. జీవితమంతా బాక్సింగ్ చూసినవాళ్లే రూయిజ్‌ని లెక్కలోకి తీసుకోలేదు, 2019 జూన్‌లో న్యూయార్క్‌లో జాషువాని కొట్టేశాడు. ఆరు నెలలకు దిరియాలో అదే రూయిజ్ 128 కిలోలకు పెరిగి వచ్చి ఓడాడు. తనకే తెలియని తన ఫలితం మనకు క్యాంపులో కూర్చుంటే తెలుస్తుందా?

ఇంకో మాట, సూపర్‌వైజర్‌గా. ఫైట్లు ఎక్కువగా శనివారం రాత్రే. పెద్ద ఫైటు అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. ఆదివారం తెల్లవారుజామునే డ్యూటీ. నిద్ర లేకుండా ఎత్తు మీద పనికి ఎక్కకండి. అట్లాంటి రోజు ముందే మీ ఫోర్‌మన్‌కు చెప్పండి, కింద పని అడగండి. మర్నాడు రీప్లే చూసినా ఫలితం మారదు.

వాదించుకోండి. గట్టిగా వాదించుకోండి, ఈ ఎండల్లో అదొక సుఖం. కాకపోతే పేరు చెప్పి కాకుండా కారణం చెప్పి వాదించండి. ఎడమచెయ్యా, కుడిచెయ్యా? దూరంలో బలమా, లోపల బలమా? పన్నెండు రౌండ్లు పోయినవాడా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినవాడు ఓడిపోయినా వాదనలో గెలిచినట్టే. ఆ కరీంనగర్ తమ్ముళ్లిద్దరూ ఇది వింటుంటే చెప్తున్నా: ఉసిక్‌కు మీరెవరో తెలియదు, ఇటౌమాకు తెలియదు. కూరలో ఉప్పు తక్కువైతే చెప్పేది మీకు మీరే.

సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని లేదు, గుర్తుంచుకోండి. నీళ్లు తాగండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.