దుముకురాళ్ల మడుగు, ఏనుగుల వంతు

కుప్పం, పలమనేరు ప్రాంతాల అడవులతో 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం సుమారు 358 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉంది. అభయారణ్యం ఊరి పార్కు వంటిది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ మొదటి హక్కు మృగాలదే కాగా, విహారానికి వెళ్లేవారికి దొరికేది అనుమతి మాత్రమే.

ఆకురాల్చే చెట్లు, ముళ్లపొదలు కలగలిసిన ఈ మెట్ట అడవికి పాలారులో కలిసే కౌండిన్య, కైగల్ ఏర్లే ప్రాణం. కైగల్ నీరు పెద్ద బండ మీది నుంచి సుమారు 40 అడుగుల కిందికి దూకుతుంది కనుక జనం ఆ చోటును దుముకురాళ్లు అంటారు; అంతకన్నా పొందికైన వర్ణన ఏ కవికీ దొరకదేమో. సెలవు రోజున కుటుంబాలు సద్దిమూటలతో చేరేదీ, వేసవిలో ఏనుగులు వెతుక్కుంటూ వచ్చేదీ ఇలాంటి నీటి పట్టులకే.

దాదాపు రెండు శతాబ్దాల పాటు ఏనుగు జాడ లేని ఈ అడవిలోకి 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి గుంపులు వలస వచ్చాయి. ఎదిగిన ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత మేసి, వంద లీటర్లకు పైగా నీరు తాగుతుంది కాబట్టి, ఏరు ఎండినప్పుడు ఇసుకను కాలితో, తొండంతో తవ్వి చెలమ చేసుకుంటుంది. ఆ చెలమలో మిగిలిన నీటితో చిన్న జంతువులూ దాహం తీర్చుకుంటాయి. తడి ఇసుకలో పడిన ముందుకాలి అచ్చు చుట్టూ నూలుతాడు పెట్టి కొలిచి, ఆ కొలతను రెట్టింపు చేస్తే ఏనుగు భుజం ఎత్తు తెలుస్తుంది. తాడు నాలుగున్నర అడుగులు వస్తే అక్కడ నీరు తాగి వెళ్లింది తొమ్మిది అడుగుల ఏనుగన్నమాట.

పొలాల్లో దిగిన గుంపులను అడవికి మళ్లించడానికి తర్ఫీదు పొందిన మచ్చిక ఏనుగులను కుమ్కీలు అంటారు. కుప్పం సమీపంలోని ననియాల శిబిరంలో మావటి మాటకు తలవంచే కుమ్కీని చూసినవారు అడవి ఏనుగూ అంతే సాధువని భ్రమపడటం ప్రాణాంతకమైన పొరపాటు.

దక్షిణ భారతపు రాతిగుట్టల్లో మాత్రమే బతికే అరుదైన పసుపుగొంతు పిగిలిపిట్ట కూడా ఈ అభయారణ్యంలో ఉంది. పాటల పెట్టె హోరులో దాని గొంతు చెవిన పడదు. ఏనుగు మాత్రం ఆ హోరు విని దారి మార్చుకుంటుంది, మార్చుకున్న దారి ఒక్కొక్కసారి రాగిచేలలోకే పోతుంది. అందువల్ల సందర్శకులు పొద్దు వాలకముందే మడుగు విడిచి రావాలి; దారిలో ఆవిరి ఆరని పచ్చి లద్దె కనిపిస్తే ఏనుగు దగ్గరలోనే ఉన్నట్టు కనుక, పగలైనా సరే, సద్దు చేయకుండా వచ్చిన దారినే వెనుదిరగాలి.