చూడి కుందేలుకు చీకటి గూడు
(రామతీర్థం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పిల్లల సరదాకని తెచ్చిన కుందేలు కొందరి పెరట్లో చిన్న ఆదాయమైంది. కానీ ‘ఈనింది, పిల్లలన్నీ చచ్చిపోయాయి’ అన్న మాటే తరచుగా వింటున్నాం. తప్పు కుందేలుది కాదు. చాలాసార్లు సమయానికి గూడు పెట్టకపోవడమే కారణం.

మగదానితో కలిపిన తేదీ గోడమీద రాసుకోండి. చూడి 30 నుంచి 32 రోజులు. తేదీ తెలియకపోతే దాన్ని కనిపెట్టి ఉండండి. గడ్డి నోట కరుచుకుని మూలకు చేరవేస్తున్నా, పొట్టమీది బొచ్చు పీకుతున్నా ఈనే వేళ దగ్గరపడి ఉండొచ్చు. కలిపిన 17 రోజులకే ఇలా చేస్తే అది ఉత్తుత్తి చూడి. గొడ్డుదని అమ్మేయకండి. మళ్లీ కలిపితే చూడి కట్టవచ్చు.

28వ రోజుకల్లా మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు ఉన్న చెక్కపెట్టె పెట్టండి. అడుగున చిన్న చిల్లులు, పైన మందు కొట్టని ఎండు వరిగడ్డి ఉండాలి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. ఉత్త తీగల బోనులో చలికే పోతాయి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, కొద్ది నిమిషాలు పాలిస్తుంది. పక్కన లేదని కంగారుపడకండి. పిల్లల పొట్ట నిండుగా ఉంటే చాలు. కుక్క, పిల్లి అలికిడికి బెదిరిన తల్లి పిల్లల్ని తొక్కేస్తుంది. ఎండాకాలం రేకుల కింద ఉంచకండి.

కుందేళ్లు అంటగట్టేవాళ్లు లాభం లెక్కే చెబుతారు, పెట్టె సంగతి చెప్పరు. ఒక ఈత పోతే నెల మేత, నెల కష్టం పోయినట్టే. అందుకే పశువైద్యశాలల్లో కుందేళ్ల పెంపకంపై శిక్షణ ఇవ్వాలని మన సంఘం గట్టిగా అడగాలి.