ముట్టు రోజుల్లో ముద్ద మానొద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలి ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి పొదుపు, బ్యాంకు లింకేజీ, రికవరీ గురించి విన్నాం. నేను ఏ పుస్తకంలోనూ రాయని విషయం మాట్లాడతాను. నెలసరి రోజుల్లో అన్నం సయించకపోవడం, నీరసం. సిగ్గు పడకండి, ఇక్కడ ఉన్నదంతా మనమే.

ముందు నా సంగతి చెప్తా. మూడేళ్ల కిందట మిరపకాయ కోతలకు పోతున్నాం. నాకు ముట్టు రెండో రోజు. అన్నం చూస్తేనే వికారం. టీ నీళ్లు తాగి బయల్దేరాను, క్యారేజీ కూడా కట్టుకోలేదు. పదకొండింటికి కళ్లు తిరిగి చేలోనే కూలబడ్డాను. అందరూ ఎండ దెబ్బ అన్నారు. మా ఆశా కార్యకర్త మాత్రం ఊరుకోలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 7.6 ఉంది. మనకు 12కి తగ్గకూడదు.

"ఎన్ని రోజులు అవుతుందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. తొమ్మిది రోజులన్నాను. "ఎప్పట్నుంచి?" అంటే రెండేళ్లన్నాను. ఆ రెండేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మా, మా అత్తా ఇట్లాగే పడ్డారు కదా, ఆడపుట్టుకకు మామూలే అనుకున్నా.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత చెప్తా. ముట్టప్పుడు గర్భసంచి ముడుచుకోవడానికి ఒంట్లో కొన్ని రసాయనాలు పుడతాయి. నొప్పి వాటివల్లే. అవే పేగుల మీదా పనిచేస్తాయి. అందుకే కొందరికి వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం. ఒకటి రెండు రోజులుండి పోతే భయం లేదు. కానీ పోయే రక్తంతోపాటు ఇనుము కూడా పోతుంది. పొదుపు కట్టకుండా నెలనెలా తీస్తూ పోతే ఖాతా ఏమవుతుందో మనకు తెలుసు. ఒళ్లూ అంతే.

మరి ఏం తినాలి? పళ్లెం నిండా తినలేకపోతే రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. పొద్దున్నే రాగి జావ. పనికి పోయేటప్పుడు కొంగున రెండు నువ్వుండలో, గుప్పెడు వేయించిన శనగలో కట్టుకోండి. మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నంలో పెసరకట్టు, తోటకూర పప్పు, నిమ్మకాయ పిండుకోండి. పులుపు ఉంటే ఆకుకూరల్లో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తినేవాళ్లయితే గుడ్డు, చేప, కార్జం మంచివి. టీ మాత్రం అన్నంతోపాటు తాగొద్దు, గంటన్నా ఆగండి. నీళ్లు, మజ్జిగ తగ్గించొద్దు. నొప్పి మాత్ర ఖాళీ కడుపున వేసుకోవద్దు. "ముట్టులో గుడ్డు తినకూడదు, పెరుగు తినకూడదు" అనే పత్యాలు మన పిల్లలకు పెట్టకండి. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు ఆ రోజుల్లోనన్నా మానండి.

ఐరన్ మాత్రలు నాకు మొదట పడలేదు, మళ్లీ వికారమే. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నారు, సర్దుకుంది. దొడ్డికి నల్లగా అవుతుంది, దానికి భయపడి మానొద్దు. ఆరు నెలలకు నాకు 12 దాటింది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదో గుర్తు పెట్టుకోండి. ఏడు రోజులు దాటినా, గంట గంటకూ గుడ్డో ప్యాడో తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తున్నా డాక్టరుకు చూపించండి. ముట్టు అయిపోయాక కూడా ఆకలి, ఓపిక రాకపోతే థైరాయిడ్, షుగరు పరీక్షలు అడగండి. ఎవరైనా "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అంటే వెంటనే తలూపి సంఘంలో అప్పు అడగకండి. మందులతో తగ్గుతుందేమో ఇంకో డాక్టరును అడగండి. నాకూ ఆ సలహా ఇచ్చినవాళ్లున్నారు. నాకు మందులతోనే తగ్గింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. అంటే పదిమంది సంఘంలో ఆరుగురికి! ఎవరా ఆరుగురు అన్నది పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది. ఆరోగ్య కేంద్రంలో దానికి డబ్బు తీసుకోరు.

అందుకే నాదొక్కటే మనవి. గ్యాస్ బండ తేదీ, పాల లెక్క గోడ క్యాలెండరు మీద రాసుకుంటాం కదా, మన నెలసరి తేదీ కూడా అక్కడే చిన్న చుక్క పెట్టుకోండి. ఎన్ని రోజులైందో తెలుస్తుంది. వచ్చే సంఘం మీటింగుకు ముందు ప్రతి సభ్యురాలూ, ఇంట్లో వయసొచ్చిన ఆడపిల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. మీటింగులో పక్కనున్న అక్క నీరసంగా కనిపిస్తే "తిన్నావా?" అని అడగండి. రెండేళ్లలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.