తొలి 24 గంటలు

పట్టా అందుకుంటున్న ఈ న్యాయ విద్యార్థుల్లో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, లా పుస్తకంలో ఇంగ్లీషు చదివినవాళ్లున్నారు. తమిళనాడులోని తిరుచ్చులి వాళ్లకు ప్లీడరు పని కొత్త కాదు. రమణ మహర్షి తండ్రి సుందరమయ్యర్ ఈ ఊళ్లోనే ప్లీడరు.

పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌కు ఆ పాటి ప్లీడరు కూడా దొరకలేదు. కోవిల్పట్టి దాటాక వచ్చే కయత్తారులో 1799 అక్టోబరు 16న ఈస్టిండియా కంపెనీ మేజర్ బానర్‌మన్ ఆయన్ని తక్కిన పాలెగాళ్ల ఎదుట నిలబెట్టి నేరాలు మోపాడు, శిక్ష చెప్పాడు, అదే రోజు ఉరి తీయించాడు. తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల బిడ్డ కథ విచారణతో సహా ఒక్కరోజులో ముగిసింది.

అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే, 1791లో, అమెరికా రాజ్యాంగానికి సవరణలు వచ్చాయి. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదని ఐదోది అంటే, వకీలు సాయం, జూరీ ముందు బహిరంగ విచారణ ఉండాలని ఆరోది అంది. ఆ మాట స్టేషను గదిలోకి చేరడానికి అక్కడా చాలా కాలం పట్టింది. 1963లో ఫీనిక్స్ పోలీసులు ఎర్నెస్టో మిరాండా చేత రెండు గంటల్లో నేరం ఒప్పించారు. నోరు విప్పకుండా ఉండొచ్చని, వకీలును పిలిపించుకోవచ్చని అతనికి చెప్పలేదు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ ఒప్పుకోలు చెల్లదంది. దాన్ని పక్కన పెట్టి మళ్లీ విచారించినా 1967లో అతనికి శిక్షే పడింది. హక్కులిస్తే నేరస్తులు తప్పించుకుంటారనే వాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

భారత రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టుకు కారణం చెప్పమంటుంది, వకీలును కలవనివ్వమంటుంది, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచమంటుంది. 1978లో నందినీ సత్పతి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మౌనహక్కు పోలీసు ప్రశ్నల దగ్గరే మొదలవుతుందన్నారు. డి.కె. బసు తీర్పు 1996లో అరెస్టు మెమో, బంధువుకు కబురు, వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది.

ఇన్ని రక్షణలు ఉన్నాయి. అయినా 2020 జూన్ 19న సాత్తాన్‌కుళంలో, కోవిడ్ ఆంక్షల వేళ దాటాక దుకాణం తెరిచి ఉంచారంటూ ఒక తండ్రినీ కొడుకునూ స్టేషనులో నిర్బంధించారు. మర్నాడు రిమాండు, కోవిల్పట్టి సబ్‌జైలు. 22 రాత్రి కొడుకు, 23 ఉదయం తండ్రి కోవిల్పట్టి ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. కాగితం మీద 24 గంటల నియమం తప్పలేదు. మేజిస్ట్రేటు ముందుంచడమంటే సంతకం కోసం కాదు. ఒంటి మీద దెబ్బలున్నాయేమో చూడడానికి, ఎవరు కొట్టారని అడగడానికి.

ఈ మరణాల విచారణకు వెళ్లిన కోవిల్పట్టి జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు సీసీ కెమెరా దృశ్యాలు దొరకలేదు. ఏ రోజువి ఆ రోజే చెరిగిపోయేలా అమర్చారు. పోలీసులు సహకరించడం లేదని తేలాక మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ స్టేషనును రెవెన్యూ అధికారుల చేతికి అప్పగించింది. అదే స్టేషనులో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబులు మాత్రం, బయట సహోద్యోగులు ఉండగానే, రాత్రంతా కొట్టారని, లాఠీల మీద, బల్ల మీద రక్తపు మరకలున్నాయని చెప్పింది. వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి మొదట జంకింది. ఆ తర్వాత పెట్టింది.

రేపటి నుంచి తాలూకా కోర్టుల వరండాల్లో నిలబడబోయేది ఈ పిల్లలే. అర్ధరాత్రి ఎవరి కొడుకునో పట్టుకుపోయారని ఫోను వస్తే తెల్లారనివ్వకుండా స్టేషనుకు వెళ్లాలి, అరెస్టు మెమో అడగాలి, ఒంటి మీది దెబ్బలు రిమాండు ముందే మేజిస్ట్రేటుకు చూపించాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేని ఇంటికి ఉచిత న్యాయసహాయం నంబరు 15100 చెప్పి రావాలి.