పూవును కొలుచువారు గట్టును కాపాడవలెను



తొలకరి తరువాత కరీంనగరము ప్రాంతపు ప్రత్తిచేలలో, మొక్కజొన్నచేలలో గునుగు మొలచును. రైతు దానిని కలుపని పెరికివేయును. మహాలయ అమావాస్య వచ్చునప్పటికి అదే గునుగు కొరకు ఆ రైతు బిడ్డలే గంపలు పట్టుకొని గట్లవెంట తిరుగుదురు. తంగేడు, బంతి పూవులతో కలిపి బతుకమ్మగా పేర్చి, తొమ్మిది దినములు ఆడి, చెరువునీటిలో సాగనంపుదురు. మొక్క ఒక్కటే. ఒక చేతికది కలుపు, మరియొక చేతికి దైవము. భేదము మొక్కలో లేదు, మన చూపులో ఉన్నది. ఆ చూపును మనకు నేర్పునది మన సంస్కృతి. నేడు మేము మీతో ముచ్చటింపదలచినది ఈ విషయమునే.

ఆదిలాబాదు సీమకు పోయి చూతము. గోండు సోదరులలో మెస్రం వంశమువారు ఏటేట పుష్యమాసపు అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరులో నాగోబాను కొలుతురు. ఆ పూజకు వలసిన నీటిని దగ్గరి బావినుండి తోడుకొనరు. పాదరక్షలు లేకుండ దినముల తరబడి నడచి, జన్నారం మండలములోని హస్తినమడుగు వద్ద గోదావరి జలమును నింపుకొని, మరల నడచియే తెత్తురు. కేస్లాపూరు చేరి మర్రిచెట్టు నీడను బస చేసిన పిమ్మటనే పూజ. ఒక్క పాత్ర నీటికై అంత దూరము నడచిన వారికి నీటి విలువను వేరుగ బోధింపనక్కరలేదు.

ఇప్పచెట్టు సంగతియు ఇట్టిదే. అడవి కొట్టి చేను చేసికొనునప్పుడు సైతము ఇప్పచెట్టును నిలిపియుంచుట గోండుల పరిపాటి. దాని పూవు తిండియగును, గింజ నూనెనిచ్చును. ఉపయోగమును భక్తియు కలసిన చోట చెట్టునకు గొడ్డలిపెట్టు తప్పినది.

అయితే ఆచారములన్నియు అడవికి మేలే చేయునని చెప్పుట సత్యము కాదు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూవు రాలును. ఎండుటాకులలో పూవు కనబడదని చెట్టుక్రింద నిప్పుపెట్టు అలవాటు పలుచోట్ల కలదు. ఆ నిప్పు గాలికి ప్రాకినచో లేతమొలకలు మాడిపోవును. ముదిరిన చెట్టు నిలిచినను దాని వెనుక పిల్లచెట్టు ఉండదు. 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల సంరక్షణ ప్రాంతముగను ప్రకటింపబడిన కవ్వాల్ వంటి అడవులకు వేసవి నిప్పు పెద్ద శత్రువు. ఆకులను ఊడ్చివేసినను, చెట్టుక్రింద పాతచీరనో వలనో పరచినను పూవు మట్టి అంటక దొరకును. అప్పుడు అడవియు నిలుచును, పూవునకు మంచి ధరయు వచ్చును.

బతుకమ్మ విషయమున మనము చేయు పొరపాటు వేరు. 2014లో అది రాష్ట్ర పండుగయైనది. సంతోషమే. కాని పేర్పులో ప్లాస్టిక్ పూవులు చేరుచున్నవి. గునుగునకు అద్దు రసాయనపు రంగులు చెరువులో కరగుచున్నవి. కలుపుమందు చల్లిన గట్లపై ఆ గునుగే మిగులుట లేదు. పండుగ పెరిగి పూవు తరిగినచో, మిగులునది వేడుక మాత్రమే.

ఇంకొక మాట. భక్తి ఒక్కటియే చాలదు, బాధ్యత వహించుటకు హక్కు కావలెను. అడవిపై, నేలపై, నీటిపై తమవారికి గల హక్కు కొరకే జోడేఘాట్‌లో కొమరం భీము పోరాడి 1940లో ప్రాణమొసగెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని, అందలి జీవములను, నీటివనరులను కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. ఆ అధికారమును వాడుకొనుట మన వంతు.

కావున మేము మీకు మూడు పనులు మనవి చేయుచున్నాము. ప్రతి రైతును తన చేని గట్టు ఒక్కటైనను మందు చల్లక గునుగునకు, తంగేటికి విడువవలెను. ఇప్పచెట్టు క్రింద ఎవ్వరును నిప్పు పెట్టరాదని గ్రామసభ తీర్మానింపవలెను. బతుకమ్మతోపాటు చెరువులో పూవును ఆకును తప్ప వేరేమియు పడకుండ ఊరివారు చూడవలెను. వీటికి ధనము అక్కరలేదు, కట్టుబాటు చాలును.

బతుకమ్మను సాగనంపునప్పుడు మరుసటి యేట రమ్మని వేడుకొందుము. ఆమె తిరిగి వచ్చునాటికి గట్టున తంగేడును, చెరువున తేటనీరును ఉంచుట మన పని.