వాసన పువ్వు, కుందేటి కొమ్ములు
(మట్టెవాడలో జరిగిన సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక గ్రూపు లీడర్ మాట్లాడినది)

పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నరు. నేను ఒక మొక్క గురించి చెప్త.

మా గ్రూపులో ఒకక్క ఇంట్ల ఎలుక చచ్చిన వాసన వచ్చింది. మంచాలు, బియ్యం డబ్బాలు అన్ని జరిపి వెతికిండ్రు. చూస్తే వాసన కుండీలోని పువ్వుది! ఐదు రేకల నక్షత్రం లెక్క, జానెడు పైనే ఉంది. దాని పేరు స్టపీలియా, దక్షిణాఫ్రికా మొక్క. కుళ్లిన మాంసం అనుకొని ఈగలు వాలుతయి, పుప్పొడి మోస్తయి. అందులోనే గుడ్లు కూడ పెడుతయి. పుట్టిన పురుగులకు తిండి దొరకదు. ఈగను ఇంత మోసం చేసే పువ్వు ఇంకోటి నేను చూడలేదు.

దీని చుట్టం మన రాళ్ల గుట్టల మీదనే ఉంది. అదే కుందేటి కొమ్ములు. లేనిదాన్ని కుందేటి కొమ్ము అంటరు గాని, ఈ మొక్క ఉన్నది. కాయలు జంటగ, కొమ్ముల లెక్క నిలబడుతయి. దీన్ని కారల్లం అని కూడ అనేవాళ్లు. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర 1795లో అచ్చయిన పుస్తకంలో ఆ పేరు రాసిండు. ఇయ్యాల ప్రపంచమంత వాడే 'కారల్లుమా' మన తెలుగు మాటే.

దీని కాడలు పచ్చడి చేస్తరు. మన పచ్చళ్ల గ్రూపు కూడ కాడలు కొని చేద్దామంటున్నది. అందుకే ఇంత చెప్తున్న. కాడ నాలుగు పలకలు, ముళ్లు ఉండవు, పైకి పోను పోను సన్నగైతది. గిల్లితే నీళ్లే వస్తయి, పాలు రావు. పాలు వస్తే అది జెముడు, పక్కన పెట్టండి. కాడజెముడు గుండ్రంగ ఉంటది, దాని పాలు కంట్ల పడితే చూపుకే ప్రమాదం. నల్లేరుకు కణుపులు, తీగ నులులు ఉంటయి. చివర బంతి లెక్క గుత్తిగ నల్లటి పూలు పూసి కంపు కొట్టేది ఇంకో రకం. అనుమానం ఉన్న కాడ ఒక్కటి కూడ సీసాలోకి పోవద్దు.

బరువు తగ్గుతరని దీని పొడి అమ్ముతున్నరు. మనం ఆ మాట చెప్పి అమ్మొద్దు.

వేర్లతోని పీకి తెచ్చేటోళ్ల దగ్గర కొనకండి, గుట్ట ఖాళీ అయితది. కాడ కోసి, నాలుగు రోజులు నీడకు ఆరబెట్టి ఇసుక మట్టిల పెడితే నాటుకుంటది. నీళ్లు ఎక్కువ పోస్తే కుళ్లుతది. నా దగ్గర రెండు కుండీలున్నయి, మీటింగు అయినంక వచ్చి చూడండి.